కొత్త కాపురము – కరోల్‌బాగు మేడగది

(సంఘము వారి ఉగాది సభలో చేసిన ప్రసంగము)



గత సంక్రాంతినాడు ముగ్గుల పోటీ ముగిసిన పిమ్మట ఒక అమ్మాయి నా ప్రక్కన వచ్చి కూర్చుండెను. మన సంఘ సభ్యుని భార్యయే. వివాహమై నాలుగు మాసములైనదట. "బామ్మగారూ, పెళ్ళయి ఢిల్లీ వచ్చిన కొత్తలో మీకు పొద్దెలా పోయేదండీ? ఫోను లేదు, టీవీ లేదు, భాష రాదు. ఏం చేసేవారు?" అని అడిగెను. నేను నవ్వి ఊరకుంటిని. ఆ మాట కార్యదర్శిగారి చెవిని బడినది. దాని ఫలితముగా నేడు మీ యెదుట నిలువవలసి వచ్చినది. ఎనుబది యేండ్లు దాటినదానను. ముప్పదియేడేండ్లు కార్యాలయమున నోట్ షీట్లు వ్రాసిన చేయి నాది. దానికి క్లుప్తత తెలియును గాని నా నోటికి తెలియదు. ఓపికతో వినుడు.

1961 వైశాఖమున తెనాలి దగ్గర మా యూర నా వివాహము జరిగినది. నాకప్పుడు పదునెనిమిదేండ్లు. మా వారు ఢిల్లీలో లోయర్ డివిజన్ గుమాస్తా. బెజవాడలో గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్ ఎక్కితిమి. ఏ.పీ. ఎక్స్‌ప్రెస్ వచ్చినది 1976లో. అంతకు ముందు మనవారిలో అనేకులకు జి.టి.యే పుట్టింటి దారి. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, గుడ్డ వాసెన గట్టిన ఆవకాయ జాడీ మా సామాను. బల్లార్షా చేరులోపలనే పెరుగన్నము అయిపోయెను. నాగపూరు దాటిన తరువాత పెట్టెలో తెలుగుమాట వినబడుట తగ్గెను. ఇటార్సీలో నాకు తెలియకుండ కన్నీరు వచ్చినది. మా వారు చూచి, ఏమి చెప్పవలెనో తోచక, మట్టికుండ కూజాతో నీళ్ళు తెచ్చి యిచ్చిరి. ఆయనతో అప్పటికి నేను పది మాటలైన మాటలాడి యుండను.

కాపురము కరోల్‌బాగులో ఒక మేడమీది గది. దానిని అక్కడ బర్సాతీ అందురు. మా యింటి యజమానురాలు 1947లో రావల్పిండి నుండి కట్టుబట్టలతో వచ్చిన పంజాబీ ఇల్లాలు. సర్కారు క్వార్టరు రావలెనన్న యేండ్ల తరబడి వేచియుండవలెను. మాకు 1968లో గాని నేతాజీ నగరులో దొరకలేదు. (2016లో మంత్రివర్గము ఆమోదించిన పునర్నిర్మాణ పథకములో ఆ కాలనీయు చేరినది, మా క్వార్టరు నేడు లేదు.) మేము వచ్చినది నడివేసవి. పగలు ఆ గది కుమ్మరి ఆవము. రాత్రి డాబాపై నులకమంచములు వేసికొని పరుండువారము. నడిరేయి ఆంధీ లేచినచో పక్కలు చుట్టుకొని లోనికి పరుగు. ఆ పరుగులోనే మా వారితో నాకు చనువు కలిగినదని చెప్పవచ్చును. దుప్పటి నాలుగు కొసలు పట్టుటకు ఇద్దరు కావలెను గదా.

వంట బొగ్గుల అంగీఠీ మీద. దానిని అంటించు విధము ఆ పంజాబీ ఇల్లాలే నేర్పినది. పిడకముక్కలు అడుగున, బొగ్గులు పైన; పొగ పోవువరకు బయటనే ఉంచి, ఎఱ్ఱబడిన తరువాత లోనికి తేవలెను. నేను మొదటి దినమున లోననే అంటించి, ఇల్లంతయు పొగబెట్టి, పొరుగువారిని మేడ యెక్కించితిని. బజారులో మరియొక చిక్కు. మా యూర వీశెలు, ఇచ్చట సేర్లు, ప్రభుత్వము వారు కొత్తగా తెచ్చుచున్నవి కిలోలు. వీశె యనగా ఇంచుమించు కిలో నాలుగు వందల గ్రాములు, సేరు కిలోకు కొంచెము తక్కువ. కూరలవాడు సేరు ధర చెప్పును, నేను మనసులో వీశెకు మార్చుకొని ఆశ్చర్యపడుదును, అంతలో వాడు బండి నెట్టుకొని పోవును. కొత్త పైసలు 1957లోనే వచ్చినను వాడి నోట అణాలే పలికెడివి. ఎక్కములు బాగుగా వచ్చినదాననని మా బడిలో నాకు పేరు. ఆ పేరు ఢిల్లీ కూరలబండి దగ్గర పోయినది.

పాలు 1959లో మొదలైన ఢిల్లీ పాల పథకము వారి సీసాలలో వచ్చెడివి. తెల్లవారకమునుపే వరుసలో నిలువవలెను. చలికాలమున ఆ వరుసలో నిలుచుటకు నాకు స్వెటరు లేదు. మా వారి కోటు తొడుగుకొని పోయితిని. నన్ను చూచి నవ్వని వారు లేరు. ఆ నవ్వులలోనే ఇద్దరు తెలుగువారు, ఒక తమిళురాలు నాకు స్నేహితులైరి.

ఉదయము తొమ్మిది దాటగానే మా వారు సైకిలెక్కెడివారు. ఆ కాలమున సెక్రటేరియటు వైపు పోవు బాటలన్నియు సైకిళ్ళతో ఏరులవలె సాగుచుండెడివి. శనివారమును పని, కేంద్ర కార్యాలయములకు వారమునకు అయిదు దినముల పద్ధతి 1985లో గాని రాలేదు. ఆయన పోయిన తరువాత సాయంకాలము ఆరు వరకు నేను, నాలుగు గోడలు. ఇదియే ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న.

వినోదము లేదని కాదు. నెలకో రెండు నెలలకో ఆదివారము ఉదయపు ఆటగా ఏదో తెలుగు చిత్రము వేసెడివారు. 1957లో విడుదలయైన మాయాబజారును నేను మా యూర చూడలేదు, ఢిల్లీలో చూచితిని. చిత్రము గొప్పదే గాని, నాకు విరామ సమయమే ఎక్కువ జ్ఞాపకము. "మీదే ఊరండీ?" "మీ ఇంటిపేరేమిటండీ?" అను మాటలతో ఆ హాలు పెండ్లిపందిరివలె ఉండెను. ఇంటివారి రేడియోలో ఢిల్లీ నుండి చదువు తెలుగు వార్తలు వచ్చెడివి. కొంగర జగ్గయ్యగారు చిత్రములలో పేరు తెచ్చుకొనుటకు ముందు ఆ వార్తలే చదివిరి. వారి కింటిలో తెలుగెవరికి రాదు. నా కొరకు ఆ తల్లి ఆ స్టేషను పెట్టి, మెట్లమీద నన్ను కూర్చుండబెట్టెడిది. ఆమె పెట్టనినాడు నాకు ఆ వార్తలు లేవు.

ఇక అసలు మాటకు వచ్చెదను. అది కొంచెము సిగ్గుపడవలసిన మాట.

మా అమ్మకు వారమునకొక ఇన్‌లాండు ఉత్తరము వ్రాసెడిదానను. మొదటి ఉత్తరములో ఇక్కడ సుఖముగా ఉన్నానని వ్రాసితిని. రెండవదానిలో సుఖమునకు సాక్ష్యము కావలసి వచ్చినది. ప్రతి ఆదివారము సినిమాకు పోవుచున్నామంటిని. మూడు మాసములు తిరుగునప్పటికి మేము రేడియో కొన్నామని, దినమంతయు పాటలు వినుచున్నానని వ్రాసితిని. ఒక అబద్ధమును నిలుపుటకు వేయి వలెనన్న మాట నిజము; ఆ రేడియోకు గుడ్డ ముసుగు కుట్టినట్లును, దానిమీద చిలుకలు అల్లినట్లును కూడ వ్రాసితిని. అమ్మ ఆ ఉత్తరములు ఊరంతకు చదివి వినిపించెడిదట.

1962 జనవరిలో మా నాన్నగారి కార్డు వచ్చినది. రిపబ్లిక్ దినోత్సవము చూచుటకు బయలుదేరుచున్నారట. కార్డు చేరిన మరునాటి ఉదయమే ఆయన దిగుదురు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మా వారితో చెప్పుటకు పలుమారులు నోరు తెరచి మూసికొంటిని. ఆయనతో అట్టి మాట చెప్పునంత చనువు ఇంకను లేదు. ఆంధీ వచ్చినపుడు దుప్పటి పట్టినంత మాత్రమే.

నాన్నగారు వచ్చిరి. గోంగూర పచ్చడి, అరిసెలు, నాకొక చీర తెచ్చిరి. స్నానము చేసి, గది కలయజూచి, "రేడియో ఏదండీ, అల్లుడుగారూ?" అని అడిగిరి. నేను గుమ్మములో చెంబుతో నిలిచి యుంటిని. మా వారు నా ముఖము వైపొకమారు చూచిరి.

"రిపేరుకిచ్చామండీ, మామయ్యగారూ."

"ఏ కంపెనీది?"

"మర్ఫీ అండీ."

"వాల్వు పోయి ఉంటుంది లెండి" అని నాన్నగారు భోజనమునకు కూర్చుండిరి.

నాలుగు దినములున్నారు. కవాతు చూచిరి, కుతుబ్ మీనారు చూచిరి. తక్కిన వేళ డాబామీద ఎండలో కుర్చీ వేసికొని, చుట్టుప్రక్కల మేడలను చూచుచు కూర్చుండెడివారు. రేడియో మాట మరల యెత్తలేదు. మా వారును యెత్తలేదు. ఆ మౌనము నాకు తిట్టుకన్న ఎక్కువైనది.

ఆయనను రైలెక్కించి నడిచి వచ్చుచుంటిమి. పహాడ్‌గంజ్ దాటినంతవరకు మా వారు మాటలాడలేదు. తరువాత, "రేడియో కావాలని నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదు?" అనిరి. నాకెక్కడి ధైర్యము వచ్చినదో, "మీ జీతమెంతో మీరు నాతో ఎప్పుడైనా చెప్పారా?" అంటిని. ఆయన నిలిచిపోయిరి. ఇంటికి వచ్చి పెట్టె తెరచి, ఒక చిన్న పుస్తకము, మనియార్డరు రసీదుల కట్ట నా ముందు పెట్టిరి. ఆనాడు లోయర్ డివిజన్ గుమాస్తా జీతము నూటపది రూపాయలతో మొదలయ్యెడిది, కరువు భత్యము వేరు. అందులో నలుబది రూపాయలు నెలనెల మా మామగారికి పోవుచుండెను. మా ఆడబిడ్డ పెండ్లికి చేసిన అప్పు. గది అద్దె పోగా మిగిలినదానితో నేను నెల నడుపుచుంటిని. ఏమి నడుపుచున్నానో తెలియకయే నడుపుచుంటిని. పెండ్లినాడు ఈ అప్పు సంగతి మావారితో చెప్పలేదట. అది చెప్పుటకు ఆయనకు సిగ్గు. ఒంటరిగా ఉన్నానని చెప్పుటకు నాకు సిగ్గు. ఆ రాత్రి చాల సేపు మేలుకొంటిమి. ఆయన మెతకగా ఏమియు అనలేదు, కోపముగానే అనిరి. నేనును అంటిని. అయినను లాంతరు ఆర్పునప్పటికి ఆ పుస్తకము నా చేతికి వచ్చినది. ఆయన పోయిన దినము వరకు ఇంటి లెక్క నేనే వ్రాసితిని.

ఒకటవ తేదీన జీతము తెచ్చి పీటమీద పెట్టుట, కవరులలో పంచుట అప్పటినుండియే. ఒక కవరుపై "రేడియో" అని వ్రాసి నెలకు అయిదు రూపాయలు వేసితిమి. ఆ యేడే అక్టోబరులో చైనా దాడి వచ్చినది. నవంబరులో ఆ కవరు విప్పి, ఉన్నదంతయు రక్షణ నిధికి ఇచ్చితిమి. పంజాబీ తల్లి దగ్గర అల్లిక నేర్చుకొని జవానులకు రెండు స్వెటర్లు అల్లితిని. ఒకదాని చేతులు పొట్టివైనవి. ఎవరు తొడుగుకొన్నారో, పాపము.

మరల మొదటినుండి కూడబెట్టి 1964 ఏప్రిలులో రేడియో కొంటిమి. మర్ఫీయే కావలెనని మా వారి పట్టు. అబద్ధము నిజము కావలెను గదా! తపాలా కార్యాలయములో లైసెన్సు తీసికొంటిమి, ఇంటివారి అబ్బాయి డాబామీద వెదురుగడలు పాతి ఏరియల్ తీగ కట్టెను. గుడ్డ ముసుగు కుట్టి చిలుకలు అల్లితిని. నెల తిరిగీ తిరుగకమునుపే, మే 27వ తేదీన, నెహ్రూగారు పోయిన వార్త వచ్చెను. ఆ దినమున ఇంటివారందరు మా గదికి వచ్చి నేలమీద కూర్చుండిరి. వారి రేడియో పాడై యుండెను.

చదువు సంగతి త్వరగా ముగించెదను. హిందీ ఆ తల్లి నేర్పినది, ఇంగ్లీషు మా వారు నేర్పిరి. ప్రైవేటుగా మెట్రిక్యులేషను ప్యాసై, టైపు నేర్చి, పరీక్ష వ్రాసి 1966లో నేనును గుమాస్తానైతిని. కోడలు ఉద్యోగము చేయుటేమని మా అత్తగారు రెండేండ్లు ఉత్తరము వ్రాయలేదు. 1953లో దుర్గాబాయమ్మగారు ఆనాటి ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడినపుడు, ఇద్దరిలో ఒకరు సంపాదించుట, మరొకరు జీతము లేక సేవచేయుట అని ఒప్పందము చేసికొన్నారని వినియుంటిమి. గొప్ప ఒప్పందమే. మా ఇంట ఇద్దరు సంపాదించిన గాని ఆ అప్పు తీరలేదు.

నాన్నగారు ఢిల్లీ నుండి పోయినది మొదలు ప్రతి ఉత్తరము చివరను ఒక్క వాక్యము వ్రాసెడివారు: రేడియో బాగుపడినదా? మేమును ప్రతిమారు ఇంకను కాలేదని వ్రాసెడివారము. 1964లో బాగుపడినదని వ్రాసితిమి. వెంటనే కార్డు వచ్చెను, చాల సంతోషమని. ఆ యొక్క ప్రశ్న తరువాత మరల రాలేదు.

ఆయన 1978లో పోయిరి. పదునొకండవ దినము గడచిన తరువాత అమ్మ, నేను పెరటిలో కూర్చుంటిమి. ఆ అబద్ధము సంగతి అమ్మతో అప్పుడు చెప్పితిని. అమ్మకు ఆశ్చర్యము కలుగలేదు. "ఢిల్లీ నుంచి దిగిన రోజే చెప్పారే మీ నాన్న. ఆ చుట్టుపక్కల మేడలన్నిటి మీదా ఏరియల్ తీగలున్నాయిట, మీ డాబా మీద ఒక మేకైనా లేదుట. అల్లుడు మాత్రం మంచివాడు, మన పిల్ల పరువు కోసం తడుముకోకుండా అబద్ధమాడాడు, ఇక బెంగలేదు అన్నారు" అని చెప్పి, అమ్మ విస్తరాకులు కుట్టుటకు లేచినది.