విద్యార్థి పరిచయ పత్రం: లింక్డిన్‌లో మన పిల్లల పేరు

(సాంస్కృతికోత్సవం సందర్భంగా జరిగిన విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పాటలు, కోలాటం, నాటికలు ఉన్న ఈ పండుగలో ఉద్యోగాల గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. భాష నిలవాలంటే ఆ భాష మాట్లాడే ఇంట్లో పొయ్యి వెలగాలి. చదువు ముగించిన పిల్లవాడు ఆరు నెలలు, ఏడాది ఖాళీగా కూర్చుంటే ఆ ఇంట్లో పండుగ కళ ఉండదు. కనుక కార్యవర్గం వారు ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

మన పూర్వులు ఈ దేశంలో పని ఎలా సంపాదించారో ఒకసారి తలచుకుందాం. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి మలయాకు వచ్చిన వారిలో ఎందరో కంగాణి వెంట వచ్చినవారు. కంగాణి తన ఊరికి తిరిగి వెళ్ళి, తనకు తెలిసిన కుటుంబాల నుంచి మనుషులను పోగు చేసేవాడు. 1938లో భారత ప్రభుత్వం ఈ కూలీల వలసను నిలిపివేసింది. కంగాణి మాటే అప్పటి సిఫారసు. తరువాతి తరానికి ఎస్టేటు ఆఫీసులో గుమాస్తా పరిచయమో, దొర సంతకం చేసిన ఉత్తరమో ఉండేది. ఆపైన ఎస్టేట్లు చేతులు మారాయి, ముక్కలయ్యాయి. రబ్బరు చెట్ల చోట ఆయిల్ పామ్ వచ్చింది, కొన్నిచోట్ల ఇళ్ళ కాలనీలు లేచాయి. మనవాళ్ళు పట్టణాలకు చేరారు. చదువు పెరిగింది. కాని “ఈ పిల్లవాడు నాకు తెలుసు, మంచివాడు” అని చెప్పే మనిషి ఆఫీసులో లేకుండా పోయాడు. డాక్టరు కొడుక్కి, కంపెనీ డైరెక్టరు కూతురికి ఆ మనిషి ఇంట్లోనే ఉంటాడు. లారీ నడిపే తండ్రి కొడుక్కి ఎవరున్నారు? ఈ ప్రశ్నకు కొంతవరకైనా జవాబు చెప్పగల సాధనం ఒకటి ఈనాడు ఉన్నది. దాని పేరు లింక్డిన్.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 2002 చివర స్థాపితమై, 2003 మే నెలలో ప్రజలకు తెరుచుకున్న సంస్థ ఇది. 2016లో మైక్రోసాఫ్ట్ దీనిని కొన్నది. 16 ఏళ్ళు నిండిన మన పిల్లలెవరైనా రుసుము లేకుండా ఇందులో తమ పుట తెరవవచ్చు. డబ్బు కట్టే పద్ధతి కూడా ఉన్నది గాని విద్యార్థికి అది అక్కరలేదు. పెళ్ళి ఫోటోలకు, సినిమా కబుర్లకు ఇది చోటు కాదు. మీ చదువు, మీ పని, మీకు తెలిసినవారు, ఇంతే ఇందులోని సరుకు. పని ఇచ్చేవారు ఇక్కడ మనుషులను వెతుకుతారు. మీరు దరఖాస్తు పంపితే, మీ పేరు కొట్టి చూస్తారు. అప్పుడు ఏమి కనబడాలన్నదే మన విషయం.

మొదట పేరు సంగతి. ఇది చిన్న విషయం కాదు. ఈ దేశపు కాగితాల్లో మన పేరు తర్వాత ఏ ఎల్ అనో, ఏ పి అనో పెట్టి తండ్రి పేరు వ్రాస్తారు. అనక్ లెలాకి అంటే కొడుకు, అనక్ పెరెంపువాన్ అంటే కూతురు. లింక్డిన్‌లో మాత్రం రెండు గడులుంటాయి, ఒకటి సొంత పేరుకు, మరొకటి ఇంటిపేరుకు. మొదటి గడిలో మీ పేరు, రెండవ గడిలో తండ్రి పేరు వ్రాయండి. ఏ ఎల్, ఏ పి వ్రాయకపోయినా నష్టం లేదు. ఇక అక్షరక్రమం. మన తాతల పేర్లు ఎస్టేటు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రికార్డుకెక్కాయి. అందుకే ఒకే ఇంట్లో అన్నదమ్ముల కాగితాల్లో తండ్రి పేరు రెండు విధాలుగా కనబడుతుంది. మీ సర్టిఫికెట్లో ఏ అక్షరాలున్నాయో అవే ఈ పుటలోను, దరఖాస్తులోను, ఈమెయిలులోను ఉండాలి. ఒకచోట ఒక రకంగా, మరోచోట ఇంకో రకంగా ఉంటే వెతికేవారికి మీరు దొరకరు.

ఫోటో విషయం త్వరగా చెబుతాను. స్టూడియోకు వెళ్ళనక్కరలేదు. పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడి, వెనుక సాదా గోడ ఉండేట్టు చూసుకుని, తమ్ముడి చేత ఫోనుతో తీయించుకోండి. ముఖం, భుజాలు కనబడితే చాలు. పెళ్ళిలో దిగిన గుంపు ఫోటోలోంచి మీ ముఖం కత్తిరించి పెట్టకండి. పక్కవారి భుజం అందులో ఉండిపోతుంది.

పేరు కింద ఒక వాక్యం ఉంటుంది. దానికి 220 అక్షరాల వరకు చోటు. చాలామంది అక్కడ “విద్యార్థి” అని ఒక్కమాట వ్రాసి వదిలేస్తారు, లేదా “ఉద్యోగం కావాలి” అంటారు. విద్యార్థులు లక్షలమంది, ఉద్యోగం కావలసినవారు అంతకంటె ఎక్కువ. మరి మిమ్మల్నే ఎందుకు తెరిచి చూడాలి? “అకౌంటింగ్ డిప్లొమా చివరి సంవత్సరం, ఎక్సెల్‌లో సరుకు లెక్కలు వ్రాసిన అనుభవం, జూన్ నుంచి ఇంటర్న్‌షిప్ కోసం చూస్తున్నాను” అన్నారనుకోండి. చదివినవారికి మూడు సంగతులు తెలిశాయి: ఏమి చదివారు, ఏమి చేయగలరు, ఎప్పుడు రాగలరు.

తర్వాత మిమ్మల్ని గురించి మీరే వ్రాసుకునే భాగం. 2,600 అక్షరాల దాకా వ్రాయవచ్చు. అంతా నింపాలని ఎవరూ అనలేదు. పుట తెరవగానే మొదటి రెండు మూడు పంక్తులే కనబడతాయి, మిగిలినది నొక్కితే గాని రాదు. కనుక అసలు మాట ముందు చెప్పాలి. “నేను కష్టపడి పనిచేసే యువకుడిని” అని అందరూ వ్రాస్తారు. కష్టపడిన పని ఒకటి చెప్పండి, కష్టపడతారని చదివినవారే గ్రహిస్తారు.

ఇక్కడే మన పిల్లలు ఆగిపోతారు. మా సాయంత్రం తరగతిలో ఏ పిల్లను అడిగినా “మాస్టారూ, నాకు అనుభవం ఏమీ లేదు” అంటుంది. నేను ఒక్కొక్కటే అడుగుతాను. శనివారాలు పాసార్ మాలంలో అమ్మ దుకాణం దగ్గర ఎవరు డబ్బు లెక్క చూస్తారు? నేనే. పక్కింటి పిల్లలకు లెక్కలు ఎవరు చెబుతారు? నేనే. ఉగాది భోజనాల కూపన్లు ఎవరు పంచారు? నేనూ, మా అక్కా. ఇదంతా అనుభవం కాక మరేమిటి? జీతం ముట్టినదే అనుభవమని ఎవరు చెప్పారు?

అయితే వ్రాసే తీరు ఒకటున్నది. “సంఘంలో సేవ చేశాను” అంటే ఏమీ తెలియదు. “ఉగాది పండుగలో 300 మందికి భోజన కూపన్లు పంచి, వసూలైన సొమ్ముకు లెక్క వ్రాసి, అదే రాత్రి కోశాధికారికి అప్పగించాను” అంటే మనిషి కళ్ళకు కడుతుంది. చేసిన పని, ఎంత చేశారు, దాని ఫలితం, ఈ మూడు ప్రతి అంశానికీ ఉండాలి. కాలేజీలో చివరి సంవత్సరం చేసిన ప్రాజెక్టును కూడా ఇలాగే చెప్పాలి. అక్కడ 300 అయితే 300 అనే వ్రాయాలి. 500 అని వ్రాసి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తడబడినవారు ఉంటారు. నిజం నిలకడ మీద తెలుస్తుందన్నారు మన పెద్దలు. ఈ పుట ఏళ్ళ తరబడి నిలిచేది.

మన ఇళ్ళలో ఇంకొక అడ్డంకి ఉన్నది. తన గొప్ప తాను చెప్పుకోకూడదని నేర్పించి పెంచాం. మంచి నేర్పే. కాని చేసిన పనిని చేసినట్టు చెప్పడం గొప్పలకు పోవడం కాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ సామెతను మనం పిల్లలకు సగమే నేర్పినట్టున్నది.

భాషల భాగం మరచిపోకండి. అందులో ప్రతి భాషకూ ఐదు మెట్లు ఉంటాయి, ప్రారంభ స్థాయి మొదలుకొని మాతృభాష స్థాయి వరకు. మన పిల్లలు మలాయ్, ఇంగ్లీషు వ్రాస్తారు, కొందరు తమిళం వ్రాస్తారు. తెలుగు మాత్రం వదిలేస్తారు. ఎందుకని అడిగితే “సరిగా రాదు కదా మాస్టారూ” అంటారు. సరిగా రాకపోతే ప్రారంభ స్థాయి అని పెట్టండి. ఈ దేశంలో ఉండి అనేక దేశాల లెక్కలు, ఫిర్యాదులు చూసే కార్యాలయాలు కౌలాలంపూర్‌లోను, పెనాంగ్‌లోను ఉన్నాయి. హైదరాబాదులోని సహోద్యోగితో రోజూ ఫోనులో మాట్లాడవలసిన ఉద్యోగాలు ఉన్నాయి. తెలుగు వచ్చినంత మాత్రాన ఉద్యోగం వస్తుందని నేను అనను. వచ్చిన భాషను దాచుకోనక్కరలేదని మాత్రం అంటాను.

వ్రాయకూడనివి కూడా చెప్పాలి. గుర్తింపు కార్డు సంఖ్య ఎక్కడా పెట్టవద్దు. ఆ 12 అంకెల్లో మొదటి ఆరు మీ పుట్టిన తేదీయే. ఎస్.పి.ఎం. ఫలితాల కాగితాన్ని సంతోషం కొద్దీ ఫోటో తీసి పెట్టేవారున్నారు. దాని మీద ఆ సంఖ్య ఉంటుంది. ఇంటి చిరునామా, బ్యాంకు వివరాలు కూడా వద్దు. ఊరి పేరు చాలు.

పుట తయారైన తర్వాత పరిచయాలు. ముందుగా మీకు నిజంగా తెలిసినవారిని పిలవండి: తోటి విద్యార్థులు, అధ్యాపకులు, ఇంటర్న్‌షిప్‌లో మీ పని చూసిన అధికారి. తర్వాత మీ కాలేజీ పుట తెరిస్తే, అక్కడ చదివినవారు ఈనాడు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో కనబడుతుంది. వారిలో ఒకరికి ఇలా వ్రాయవచ్చు: “అమ్మా, మీరు చదివిన కాలేజీలోనే నేను చివరి సంవత్సరం చదువుతున్నాను. మీ రంగంలో కొత్తగా చేరేవారు ఏమి నేర్చుకోవాలో తెలుసుకోవాలని ఉంది. పది నిమిషాలు సమయం ఇవ్వగలరా?” మొదటి ఉత్తరంలోనే ఉద్యోగం ఇప్పించమనకండి. తెలియని మనిషిని ఇబ్బందిలో పెట్టినట్టవుతుంది. సలహా అడిగితే చాలామంది చెబుతారు. సలహా చెప్పినవారు మీ పేరు గుర్తుంచుకుంటారు.

మీ గురించి ఇతరులు నాలుగు మాటలు వ్రాసే వీలు కూడా అందులో ఉన్నది. వెనుకటి దొర ఉత్తరానికి ఈనాటి రూపం అదే. ఒక ఉపాధ్యాయుణ్ణి అడగండి. అడిగేటప్పుడు “మీ తరగతిలో నేను ఫలానా ప్రాజెక్టు చేశాను” అని గుర్తుచేయండి. మా వృత్తిలో ఏటా ఎన్నో ముఖాలు వచ్చి వెళతాయి. గుర్తుచేస్తే సంతోషంగా వ్రాస్తాం.

పని కోసం చూస్తున్నానని తెలియజేసే మీట ఒకటుంది. ఫోటో చుట్టూ ఆకుపచ్చ పట్టీతో అందరికీ తెలిసేట్టు పెట్టవచ్చు, లేదా ఉద్యోగులను వెతికే కంపెనీల వారికి మాత్రమే కనబడేట్టు పెట్టవచ్చు. విద్యార్థికి దాపరికం అవసరం లేదు, అందరికీ కనబడనివ్వండి. ఈ ఒక్క పుట మీదే ఆధారపడి కూర్చోవద్దు కూడా. మన దేశంలోనే 1997లో మొదలైన జాబ్‌స్ట్రీట్ ఉన్నది, పెర్కెసో వారి మైఫ్యూచర్‌జాబ్స్ ఉన్నది. అన్నిచోట్లా ఒకే పేరు, ఒకే తేదీలు, ఒకే నిజం ఉండాలి.

ఇప్పుడు తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలసిన మాట. 2022లో మన దేశపు యువకులు ఎందరో పెద్ద జీతం ఆశతో కంబోడియా, మయన్మార్ వెళ్ళి మోసగాళ్ళ చేతుల్లో బందీలయ్యారు. ఆన్‌లైన్‌లో కనబడిన ఉద్యోగ ప్రకటనలే ఎందరికో వల అయ్యాయి. వెనుక కంగాణి ఇచ్చిన బయానా డబ్బే ఎస్టేటులో అప్పుగా మారి కాళ్ళకు చుట్టుకున్న ఇళ్ళు మనలో ఉన్నాయి. కాలం మారినా వల అల్లిక అదే. ఇంటర్వ్యూ లేకుండా ఉద్యోగం ఇస్తామన్నా, ముందుగా డబ్బు కట్టమన్నా, లింక్డిన్ వదిలి టెలిగ్రాంలోకి రమ్మన్నా, విమానం టిక్కెట్టు మేమే పంపుతామన్నా, ఆగండి. ఆ కంపెనీ ఆఫీసుకు మీరే ఫోను చేయండి. ఆ ఫోను నంబరు వాళ్ళిచ్చినది కాక మీరు వెతికి తీసుకున్నది కావాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 997కు ఫోను చేయాలి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ఏర్పాటు చేసిన జాతీయ మోసాల నిరోధక కేంద్రం నంబరు అది. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే డబ్బు చేతులు మారిపోతుంది.

చివరగా ముందు వరుసల్లో ఉన్న పెద్దలకు ఒక మనవి. ఈ సభలో ఇంజనీర్లున్నారు, లాయర్లున్నారు, బ్యాంకు మేనేజర్లు, నర్సులు, సొంత వ్యాపారం చేసుకునేవారు ఉన్నారు. మీలో అనేకులకు లింక్డిన్ పుట ఉన్నది. మన పిల్లవాడొకడు భయపడుతూ మీకు పిలుపు పంపితే అది నెలల తరబడి మూలన పడి ఉంటుంది. దయచేసి ఈ రాత్రి తెరిచి చూడండి. ఉద్యోగం ఇవ్వనక్కరలేదు. వాడు వ్రాసినది చదివి “ఈ వాక్యం మార్చు, ఈ కోర్సు చెయ్యి” అని రెండు మాటలు వ్రాయండి. వేదిక మీద శాలువా కప్పించుకున్న చేతులతో ఆ మాత్రం చేయగలం. కార్యవర్గం వారు అంగీకరిస్తే మన సాయంత్రం తెలుగు తరగతుల్లో నెలకొక గంట ఇందుకు కేటాయించి, పిల్లల పక్కన కూర్చుని పుటలు వ్రాయించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నాతోపాటు ఇద్దరు ముగ్గురు ఉద్యోగస్థులు వస్తే చాలు.

విద్యార్థులారా, ఈ పండుగ ముగిసి ఇంటికి వెళ్ళాక పేరు, ఫోటో, ఒక వాక్యం, చేసిన పని ఒకటి, ఈ నాలుగింటితో మొదలుపెట్టండి. మిగిలినది వారం వారం చేర్చుకోవచ్చు. మీ అందరికీ మంచి పని దొరకాలని, దొరికిన తర్వాత మీ తర్వాతి వాడి పిలుపుకు మీరు జవాబివ్వాలని కోరుకుంటున్నాను.