బిడ్డకు పడనివి ఏ పాలు?

(సంఘ మహిళా విభాగపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



"తల్లిపాలు పడలేదు" అను మాట మన యిండ్లలో తఱచుగా వినబడుచుండును. బిడ్డ త్రాగిన పాలు కక్కినను, రాత్రి గుక్కపట్టి యేడ్చినను, విరేచనములో జిగురు కనబడినను పెద్దవారు ముందుగా పలుకు మాట యిదియే. మఱునాటికే ఉగ్గుగిన్నెలో ఆవుపాలో, సీసాలో డబ్బాపాలో ప్రవేశించును. బిడ్డ కుడుచుట తగ్గినకొలది తల్లికి పాలు తగ్గును. కొలదికాలములోనే ఆ శిశువు పూర్తిగా పోతపాల బిడ్డ యగును. వైద్యవృత్తిలో మేము చూచుచున్న యీ వరుసలో విచారింపదగిన సంగతి యేమనగా, ఆ బిడ్డలలో కొందఱకు నిజముగా పడనివి ఆవుపాలే. పడని వానిని పట్టుటకై, పడు వానిని మాన్పించుచున్నారు. నేడు మేము చెప్పదలచినది ఈ సంగతియే.

ఈ పొరపాటునకు భాషయు కొంత కారణము. తెలుగున తల్లివైనను, ఆవువైనను, గేదెవైనను అన్నియు పాలే. కన్నడమున హాలు, తమిళమున పాల్, మరాఠీలో దూధ్, ఒడియాలో దుధ అను మాటలదియు ఇదే తీరు. ఇంటిలో తెలుగును, ఆసుపత్రిలో మఱియొక భాషను మాటలాడు మనవంటి కుటుంబములలో చిక్కు రెట్టింపగును. బళ్ళారిలోనో, కోయంబత్తూరులోనో, బరంపురములోనో, షోలాపురములోనో డాక్టరు ఆ ప్రాంతపు భాషలో "పాలు మానండి" అని చెప్పును. ఆయన యుద్దేశించినవి తల్లి కాఫీలో పోసికొను పాలు. ప్రక్కన నిలిచిన అత్తగారు విన్నవి బిడ్డ కుడుచు పాలు. కావున అట్టి మాట వినినప్పుడు సంకోచింపక, "ఏ పాలండీ? నేను త్రాగునవా, బిడ్డ త్రాగునవా?" అని యడిగి తెలిసికొనవలెను. చీటిపై వ్రాయించుకొనుట మఱింత మేలు.

పేరులలో మఱియొక చిక్కు కలదు. లాక్టోజు అనగా పాల చక్కెర. ఇది యరుగక కడుపుబ్బరము పొందువారు మన పెద్దలలో పెక్కుమంది కలరు. గ్లాసెడు పాలు త్రాగినచో తాతగారికి కడుపు గడబిడ యగుట ఇట్టిదే. కాని పసిబిడ్డ విషయము వేఱు. తల్లిపాలలో నూఱు మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాముల లాక్టోజు స్వభావసిద్ధముగానే యుండును. తల్లి పెరుగు మానినను, పాలు మానినను అది తగ్గదు. పుట్టుకతోనే ఆ చక్కెరను అరిగించుకొనలేని శిశువులు మిక్కిలి అరుదు. పెద్ద విరేచనముల జబ్బు తరువాత కొన్నాళ్ళు అరుగుదల తగ్గుట కలదు గాని, అదియు తనంతట తానే కుదుటపడును. కావున తాతగారి కడుపును జూచి మనుమని కడుపును నిర్ణయింపరాదు.

మేము చెప్పు బాధ లాక్టోజు వలన కలుగునది కాదు. ఆవుపాలలోని మాంసకృత్తుల వలన కలుగునది. దీనిని పాల అలర్జీ యందురు. తల్లి పాలు, పెరుగు పుచ్చుకొనినప్పుడు వానిలోని మాంసకృత్తులు అణుమాత్రముగా ఆమె రక్తములో చేరి, చనుబాలలోనికి దిగును. నూటికి తొంబదితొమ్మిదిమంది బిడ్డలకు దీని వలన ఏ కీడును లేదు. ఏ కొందఱి పేగులో మాత్రము దానిని పరాయి వస్తువుగా నెంచి తిరుగబడును.

ఆ కొందఱెందఱో తెలియుటకు డెన్మార్కు దేశమున జరిగిన ఒక పరిశీలన సహాయపడును. 1985లో అచ్చట ఒకే నగరమున పుట్టిన 1749 మంది శిశువులను వైద్యులు కనిపెట్టి చూచిరి. పాల అలర్జీ తేలినవారు 39 మంది. కేవలము తల్లిపాలు కుడుచుచుండగానే ఆ బాధ కలిగినవారు 9 మంది, అనగా ఇన్నూఱింటికి ఒకరు. గమనింపదగిన ముచ్చట యొకటి ఉన్నది. ఆ తొమ్మండుగురికిని పుట్టిన మొదటి మూడు దినములలో ఆసుపత్రిలో డబ్బాపాలు పట్టియుండిరి. ఇంతమాత్రమున అదియే కారణమని తేల్చివేయుట తగదు గాని, మన యిండ్లలో మొదటి దినముల ఆచారము తలపునకు రాకమానదు. పాలు పడువఱకని పంచదార నీళ్ళు, తేనె, చెంచాడు ఆవుపాలు నాకించుచున్నాము. ఆవు ఈనినప్పుడు ముఱ్ఱుపాలను జున్ను వండుకొని యిరుగుపొరుగులకు పంచుకొని తినువారమే, తల్లి ముఱ్ఱుపాలను మాత్రము పిండి పారబోయుట వింత కాదా? తేనె విషయము వేఱుగా చెప్పవలెను. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపనే కూడదు. దాని వలన అరుదుగానైనను ప్రాణాపాయకరమైన జబ్బు రాగలదు.

ఇక గుర్తులు. అన్నిటికంటె స్పష్టమైనది విరేచనములో జిగురుతో కలిసిన రక్తపు చారలు. సాధారణముగా మొదటి రెండు మూడు నెలలలో ఇవి కానవచ్చును. బిడ్డ మిగిలిన అన్ని విధముల చక్కగనే యుండి, నవ్వుచు, బరువు పెరుగుచునే యుండవచ్చును. కొందఱకు బుగ్గలపైనను, మోచేతుల మడతలలోను ఎఱ్ఱని గరుకు మచ్చలు లేచి దురద పెట్టును. కొందఱు పదేపదే కక్కుచు, పాలు కుడుచుచుండగానే విఱుచుకొని యేడ్చుచు, బరువు పెరుగక యుందురు. ఒక్క గుర్తు కంటె రెండు మూడు కలిసి యుండుట అనుమానమును బలపఱచును.

అయినను ఏడ్చు ప్రతి బిడ్డకును పాల అలర్జీ అనుట మఱియొక పొరపాటు. నేటి కాలమున ఇదియు పెరుగుచున్నది. ఆరోగ్యవంతుడైన శిశువు ఏడుపు పుట్టిన ఆరవ వారమునకు ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గును. చనుబాలు త్రాగు బిడ్డ రోజునకు ఆరేడుసార్లు పసుపుపచ్చగా, పలుచగా విరేచనము చేయుట సహజమే. అప్పుడప్పుడు ఆకుపచ్చగా ఉండుటయు సహజమే. తల్లి చనుమొన చిట్లినచో ఆ రక్తము బిడ్డ మ్రింగి విరేచనమున కనబడవచ్చును; ముందుగా దానిని చూచుకొనవలెను. వీనిలో దేనికొఱకును తల్లిచేత పెరుగన్నము మాన్పింప బనిలేదు.

కొన్ని లక్షణములు కనబడినప్పుడు ఈ ప్రసంగమును తలచుకొనుచు కూర్చుండరాదు, వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసరు రంగు వాంతి, రక్తము మెండుగా పడుట, కడుపు బిగిసి బిడ్డ ఉండియుండి మెలికలు తిరుగుట, మాడు గుంటపడుట, మూత్రము తగ్గుట, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరము, మగతగా పడియుండుట, పాలు త్రాగిన వెంటనే ముఖము వాచుటయో ఊపిరి ఆడకపోవుటయో — ఇవి దిష్టి తీయించుచు ఆలసింపదగిన బాధలు కావు.

అట్టి అపాయము లేక, గుర్తులు మాత్రము కలవనుకొందము. అప్పుడు చేయవలసిన పరీక్ష యింటిలోనే, తల్లి కంచములోనే జరుగును. విరేచనమున జిగురు, రక్తము పడు ఈ తరహా అలర్జీకి రక్తపరీక్ష వలనగాని, చర్మపరీక్ష వలనగాని తేలునది స్వల్పము. వైద్యుని సలహాతో తల్లి రెండు మొదలు నాలుగు వారములు పాలు, పాల పదార్థములు పూర్తిగా మానవలెను. బిడ్డకు చన్నిచ్చుట ఒక్కపూట కూడ ఆపరాదు. కొందఱికి మూడు నాలుగు దినములలోనే రక్తము ఆగును, కొందఱికి రెండు వారములు పట్టును. మచ్చలు మానుటకు ఇంకను కొంత వ్యవధి కావలెను.

గుణము కనబడినచో సగము పరీక్ష మాత్రమే ముగిసినది. రెండవ సగమును మనవారు తఱచుగా విడిచిపెట్టుచున్నారు. తల్లి మరల దినమునకొక గ్లాసెడు పాలు వారము రోజులు పుచ్చుకొని చూడవలెను. పాత గుర్తులు తిరిగి వచ్చినచో దోషము పాలదే. రాకున్నచో పాలు నిరపరాధులు. బిడ్డ తనంతట తాను కుదుటపడెనని గ్రహించి, ఆ తల్లికి పెరుగు మరల వడ్డింపవలెను. ఈ రెండవ సగము చేయకపోవుట వలన కారణము లేకయే ఏడాది పొడుగున పథ్యము చేసిన తల్లులు కలరు. ముఖము వాచుట, దద్దుర్లు లేచుట వంటి తక్షణ బాధ పూర్వము కలిగిన బిడ్డ విషయమున మాత్రము ఈ ప్రయత్నము ఇంటివద్ద చేయరాదు.

చెప్పుట సులువే గాని, మన వంటయింటిలో పాలు మానుట యెంత పనియో వంట చేయువారికి తెలియును. ముద్దపప్పులో నేయి లేనిదే మొదటి ముద్ద దిగదు, మజ్జిగ లేనిదే భోజనము ముగియదు. మనము కాపురమున్న సీమలు దీనికి తమ వంతు చేర్చినవి. తమిళనాట తయిర్‌సాదము, ఫిల్టరు కాఫీ. కర్ణాటకమున మైసూరుపాకు, పేడా. మహారాష్ట్రమున శ్రీఖండము, తాక్. ఒడిస్సాలో ఛెనాపోడ, పెరుగు కలిపిన పఖాళము — అన్నియు మన పండుగలలో కలిసిపోయినవే. పరీక్ష కాలమున వీని నన్నిటిని విడువవలెను. నేతిలో మాంసకృత్తులు మిక్కిలి తక్కువయే. అయినను ఇంట కాచిన నేతిలో కొంత మిగిలియుండవచ్చును గనుక ఆ నాలుగు వారములు నువ్వులనూనెతో సరిపెట్టుకొనుట మంచిది.

బయటకు కానరాని పాలు మఱియొక తగవు. బిస్కత్తులు, రొట్టె, చాకొలెట్టు మాత్రమే కాదు. బాలింతకు బలమని చుట్టములు తెచ్చు పొడులలో పెక్కింట పాలపొడి కలదు. మన దేశపు 2020 నాటి లేబులు నిబంధనల ప్రకారము పొట్లముపై పాలు కలవని ప్రత్యేకముగా తెలుపవలెను. ఆ వరుసను చదువవలెను. కేసీను, వే అను పేరులు కనబడినను అవి పాలేయని యెఱుగవలెను.

తల్లి మాటను మఱువరాదు. పాలిచ్చు తల్లికి రోజునకు 1200 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని 2020లో జాతీయ పోషకాహార సంస్థ నిర్ణయించినది. పాలు మాన్పించి, దాని స్థానమున ఏమియు పెట్టకున్నచో ఆమె ఎముకల నుండియే బిడ్డకు కాల్షియము పోవును. దీనికి మన చేతిలోనే రాగులు కలవు. నూఱు గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. కోరాపుట్, గంజాముల మనవారు చోళ్ళు అనినను, మరాఠీ వారు నాచణీ అనినను, తమిళులు కేళ్వరగు అనినను ధాన్యమొక్కటే. నువ్వులు, మునగాకు పెట్టవలెను. యానాము వంటి గోదావరి తీరపు ఊళ్ళలో ముల్లుతో నమలి తిను చిన్న చేపలు దీనికి మిక్కిలి మంచివి. ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రములలో ప్రసవానంతరము ఆరు నెలలు ఇచ్చు కాల్షియము మాత్రలలో డి విటమినును కలదు. దినమునకు రెండు చొప్పున మానక వేసికొనవలెను. ఇనుము మాత్రతో కలిపి ఒకేసారి మ్రింగరాదు.

ఆవుపాలు పడనప్పుడు మేకపాలో, గేదెపాలో పట్టవచ్చునని చెప్పువారు కలరు. వాని మాంసకృత్తులు ఆవుపాల వానికి దగ్గఱి చుట్టములే. ఒకటి పడని బిడ్డకు సామాన్యముగా రెండవదియు పడదు. వీధిలో గాడిదపాలు పిదికి చెంచాడు పోయువారును వత్తురు. కాచని పాలు పసిపేగునకు జబ్బు తెచ్చును. ఆరు నెలల లోపు తల్లిపాలు తప్ప చెంచాడు నీరును అక్కఱలేదు. తల్లిపాలు ఏ కారణముననైనను లభింపని బిడ్డకు, మాంసకృత్తులను ముందే తునుకలు చేసిన ప్రత్యేకమైన డబ్బాపాలు కలవు. అవి ఖరీదైనవి, వైద్యుడు వ్రాసిననే వాడదగినవి.

ఆరు నెలలు నిండగానే ఉగ్గు మొదలిడవలెను. ఈ బిడ్డకు దానిలో ఆవుపాలు, నేయి కలుపరాదు. బియ్యము, పెసరపప్పు, రాగిజావ, అరటిపండు, నూనె చుక్క చాలును. తొమ్మిది నెలలు మొదలు ఏడాది నడుమ వైద్యుని యెదుట పాలు కొంచెముగా మరల ఇచ్చి చూతురు. ముందు చెప్పిన డెన్మార్కు పిల్లలలో నూటికి 56 మందికి ఏడాదికి, 77 మందికి రెండేండ్లకు, 87 మందికి మూడేండ్లకు ఆ బాధ తొలగిపోయినది. అనగా అన్నప్రాశననాడు పాయసము నోచుకొనని ఈ బిడ్డలలో పెక్కుమంది, రెండవ పుట్టినరోజునాటికి మనతో పాటు పెరుగన్నము తినుచుందురు.

పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నేయి, కోవా, జున్ను అను మాటలను ఐదు భాషలలో వ్రాసిన కాగితములను మందిరపు బల్లపై నుంచితిమి. పురిటికి పుట్టింటికి పోవు ఆడపడుచులు ఒకటి తీసికొని పోవచ్చును. ఇక అడుగదలచిన ప్రశ్నలున్నచో అడుగుడు.