సెలవుల్లో సేవకు వెళ్లే ముందు

క్రిస్మస్ సెలవుల్లో అనాథాశ్రమాల్లో సేవ చేద్దామని విదేశీ యువతీయువకులు ఎంతోమంది కంబోడియా, నేపాల్ వెళుతుంటారు. మనసు మంచిదే. కానీ ఆ ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చదివిస్తామని చెప్పి దళారులు పల్లెల నుంచి తీసుకొస్తారు. సందర్శకులిచ్చే డబ్బుతో కొన్ని ఆశ్రమాలు వ్యాపారంగానే నడుస్తాయి. నాలుగేళ్ల పాప, కొత్తగా వచ్చిన అక్క మెడ పట్టుకుని వదలదు. రెండు వారాలకు ఆ అక్క విమానం ఎక్కేస్తుంది. తర్వాత ఇంకో అక్క. పసిమనసు ఎన్నిసార్లని తట్టుకుంటుంది? 2018లో ఆస్ట్రేలియా పిల్లల్ని ఇలా ఆశ్రమాలకు తరలించడాన్ని ఆధునిక బానిసత్వంగా గుర్తించింది. మీ నేర చరిత్ర ఆరా తీయకుండానే పిల్లల దగ్గరికి రానిచ్చే చోటికి దయచేసి వెళ్లకండి. పిల్లల్ని సొంత ఇళ్లకు చేర్చే సంస్థలకు మీ విమాన టికెట్ డబ్బు పంపండి.