రాతిగోడలకు జిప్సము పలకలు

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప, దాని చెంతనున్న కొండాపూర్ రూపురేఖలు మారిపోయినవి. అంతకుముందు అది పల్లెయే. హైదరాబాదు చుట్టుప్రక్కల నేలలో గ్రానైటు సమృద్ధి. అందుచేత పాత ఇండ్లకు రాయియే గోడ. మట్టియో, డంగుసున్నమో దానికి అతుకు. మేడల నడుమ అట్టి ఇంటిని కూల్పక నిలుపుకొనదలచిన కుటుంబమును మెచ్చుకొనవలసినదే. అయితే గోడల ఎగుడుదిగుడులు, నిమ్ము మరకలు కంటికి నచ్చక, లోపల జిప్సము పలకలు బిగింపవలెనని చాలమందికి తోచును. బిగించుటకు ముందు మనము గోడ స్వభావమును, పలక స్వభావమును ఎరుగవలెను.

ఈ పలకకు మాతృక అమెరికాలో అగస్టిన్ శాకెట్ 1894లో హక్కుపత్రము పొందిన పలక. నేటి పలకలో రెండు దళసరి కాగితముల నడుమ జిప్సము పొర ఉండును. జిప్సము బరువులో ఇంచుమించు అయిదవ వంతు స్ఫటికములో బంధింపబడిన నీరే. మంట తగిలినపుడు ఆ నీరు ఆవిరియై వేడిని కొంతసేపు అడ్డును. నిప్పునకు ఓర్చు ఈ పలక తడికి మాత్రము ఓర్వదు. నాననిచ్చినచో మెత్తబడును; కాగితమునకు బూజు పట్టును.

ఇక గోడ సంగతి. గ్రానైటు నీటిని పీల్చుట స్వల్పము. పీల్చునది దాని అతుకు. పునాదిపై చెమ్మనడ్డు పొర లేని పాతగోడలో నేల తడి ఆ అతుకుల వెంట పైకెక్కి, గోడ ముఖమునుండి ఆరిపోవును. వీధిని మరల మరల ఎత్తు చేసినపుడు, ఇంటి గచ్చు పల్లమై వాననీరు గోడ మొదట నిలుచును. వెలుపల సిమెంటు పూసినచో తడి ఆరుదారి ఒకటి మూతపడును. లోపల గోడకంటించి పలక బిగించినచో రెండవ దారియు మూతపడును. పైకి అంతయు నున్నగానే కనిపించును; వెనుక ఉప్పు పొంగును, బూజు పెరుగును, కొయ్య చట్రమునకు చెదలు పట్టును. ఇది మసిబూసి మారేడుకాయ చేయుటయే.

కావున మొదట పరీక్ష. వానకాలములో రెండడుగుల పాలిథిన్ కాగితమును గోడకు నాలుగంచులు మూసి అంటించి, రెండు దినములు ఉంచవలెను. కాగితము వెనుక చెమరించినచో తడి గోడదే; పైముఖమున చెమరించినచో అది గదిలోని గాలి తేమ. గోడది అయినచో వెలుపలి మట్టిని గచ్చుకంటె దిగువకు తీసి, నీరు పారు కాలువ త్రవ్వి, చూరును, గొట్టములను బాగుచేసి, సిమెంటు పూత ఊడదీసి సున్నపు పూత వేయింపవలెను. మందపాటి గోడ ఆరుటకు నెలలు పట్టును, తొందర పనికిరాదు.

గోడ ఆరిన తరువాతనే చట్రము. జింకు పూతగల ఉక్కు పట్టీలను నేలకును, పైకప్పునకును బిగించి, రాతికి రెండంగుళముల ఎడము ఉంచవలెను. నిలువు పట్టీల నడుమ రెండడుగులకు మించరాదు. దారమునకు గుండు కట్టి వ్రేలాడదీసి నిలువు చూచుకొనవలెను. విద్యుత్తు తీగలను గొట్టములలో ముందే నడిపించవలెను. బరువైన అలమర తగిలించు చోట పలక వెనుక ఆధారమును అప్పుడే అమర్చవలెను. తడిగుడ్డతో గచ్చు తుడుచునపుడు నీరంటకుండునట్లు పలక అంచు అర అంగుళము పైకి ఉండవలెను. క్రిందను, పైనను గాలి ఆడుటకు రంధ్రములు విడువవలెను.

దీనివలన నష్టమును కలదు. గది ఇరుకగును. వేసవిలో పగటి వేడిని మెల్లగా మాత్రమే లోనికి విడుచు రాతి చలువ గదికి దూరమగును. అందువలన ప్రతి గోడకును పలక అవసరము లేదు. తీగలు, గొట్టములు దాచవలసిన ఒక గోడకు వేసి, తక్కిన వాటికి సున్నపు పూతతో తృప్తిపడవచ్చును. గోడ ఆరుటకు దారి విడిచిన ఇల్లు మన తరమునే కాక రాబోవు తరమును గూడ కాచును.