తొడుగు పడకముందే
(పఠన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము హక్కులను గురించో, చట్టాలను గురించో మాట్లాడుతామని మీలో చాలామంది భావించి ఉంటారు. నేడు ఒక కథను గురించి మాట్లాడదలచాము. అది బాలల కొరకు వ్రాసినదే అయినా పెద్దలు తప్పక చదవవలసినది.

ఆంగ్ల రచయిత జాన్ క్రిస్టఫర్ 1967లో 'ది వైట్ మౌంటెన్స్' అనే నవలను వెలువరించారు. 'ది సిటీ ఆఫ్ గోల్డ్ అండ్ లెడ్' అదే సంవత్సరం, 'ది పూల్ ఆఫ్ ఫైర్' 1968లో వెలువడి ఆ కథను పూర్తి చేశాయి. అన్యగ్రహ జీవులు భూమిపై దండెత్తిన కథలు అంతకు ముందూ ఉన్నాయి. 1898 నాటి హెచ్.జి. వెల్స్ నవలలో అంగారక జీవులు మూడు కాళ్ళ యంత్రాలతో వచ్చి ఇంగ్లండును దహించివేస్తాయి. వెల్స్ చూపినది దండయాత్ర. క్రిస్టఫర్ చూపినది దండయాత్ర ముగిసి తరాలు గడిచిన పిదప సాగే నిత్యజీవితం. అందుచేతనే ఈ కథను ఎంచుకున్నాము.

ఈ కథలోని పల్లెల్లో సైన్యం లేదు, చెరసాలలు లేవు. పొలాలు పండుతాయి, సంతలు జరుగుతాయి. అప్పుడప్పుడు ఎత్తయిన మూడు కాళ్ళ యంత్రమొకటి కొండవాలుపై నడిచిపోతుంది. ప్రజలు దానిని భక్తితో చూస్తారు. బాలబాలికలకు పద్నాలుగేళ్ళు రాగానే ఆ యంత్రం వారిని పైకెత్తి, లోపలికి తీసుకొని, తలకు ఒక లోహపు తొడుగును శాశ్వతంగా అతికించి దింపుతుంది. ఆ రోజు ఊరంతా పండుగ. కన్నవారే కొత్త బట్టలు తొడిగి, విందు చేసి, బిడ్డను సాగనంపుతారు.

విల్ అనే బాలునికి తనకన్నా పెద్దవాడైన జాక్ అనే నేస్తం ఉంటాడు. తొడుగు పడకముందు జాక్‌కు ఎన్నో సందేహాలు. పూర్వులు ఎలా జీవించారు? ఈ యంత్రాలు ఎక్కడినుండి వచ్చాయి? తొడుగు పడిన తరువాత జాక్ ఆరోగ్యంగానే ఉంటాడు, కష్టపడి పనిచేస్తాడు, పెద్దలను గౌరవిస్తాడు. సందేహం ఒక్కటే మాయమైంది. దానిని ఎవరూ నష్టంగా భావించరు.

మేము ఉద్యోగకాలమంతా ప్రభుత్వ దస్త్రాల నడుమ గడిపాము. ఒక ఉత్తర్వు ఎందుకు వచ్చిందో తెలిసినవారు పదవీ విరమణ చేసి వెళ్ళిపోతారు. ఉత్తర్వు మాత్రం మిగులుతుంది. తరువాత వచ్చినవారికి అది ప్రకృతి నియమంలా తోస్తుంది. దానిని నిలబెట్టేందుకు బలప్రయోగం అక్కరలేదు, అలవాటు చాలును. ఈ నవలను చదువుతుంటే ఆ అనుభవమే మాకు పదేపదే గుర్తుకు వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇటువంటి కథను చదివినప్పుడు మనం స్వేచ్ఛాపరులమనీ, తొడుగులున్నవి ఎదుటివారి తలలకేననీ భావించటం సులభం. ఈ రచయిత ఆ సౌలభ్యాన్ని మనకు ఇవ్వలేదు. పారిపోతున్న విల్‌కు దారిలో ఒక ప్రభువు కోటలో ఆశ్రయం దొరుకుతుంది. అక్కడివారు అతనిని కన్నబిడ్డలా ఆదరిస్తారు. ప్రభువు కుమార్తె ఎలోయిజ్ స్నేహం లభిస్తుంది. ఆమె తలపై తొడుగు ఉంది. అయినా ఆమె మంచితనంలో కపటం లేదు. ఆ ఆదరణకు కరిగి, అక్కడే ఉండిపోయి తొడుగు ధరించేందుకు విల్ స్వయంగా సిద్ధపడతాడు. భయం లొంగదీయలేని బాలుని సుఖం, ప్రేమ దాదాపు లొంగదీశాయి. పోటీల ఉత్సవంలో రాణిగా ఎంపికైన ఎలోయిజ్, యంత్రాల ప్రభువులను సేవించటానికి తాను సంతోషంగా వెళ్ళుతున్నానని చెప్పినప్పుడే అతని కళ్ళు తెరుచుకుంటాయి. రెండవ నవలలో ఆ ప్రభువుల నగరంలో ఆమె నిర్జీవ దేహాన్ని అందమైన వస్తువులా ప్రదర్శనకు ఉంచటం విల్ చూస్తాడు. ఆ నగరపు బరువైన గాలిలో, వేడిమిలో బానిసలుగా కృశించే యువకులు కూడా అక్కడికి రావటాన్ని గొప్ప గౌరవంగానే తలుస్తారు.

చివరకు మానవులు గెలుస్తారు. మూడవ నగరాన్ని కూల్చేందుకు విల్ సహచరుడు హెన్రీ ప్రాణాలర్పిస్తాడు. రచయిత కథను అక్కడ ముగించి ఉంటే అది సాధారణ సాహసగాథ అయ్యేది. విజయానంతరం దేశదేశాల ప్రతినిధులు సమావేశమవుతారు. పాత వైరాలు తిరిగి తలెత్తి ఆ సభ కలహంతో చెదిరిపోతుంది. విముక్తి పోరాటానికి నాయకత్వం వహించిన జూలియస్‌నే పక్కన పెడతారు. విల్, అతని మిత్రులు తమ సొంత కలలను విడిచి, మనుషులను కలిపే పనికి పూనుకుంటారు. కలిసి పోరాడినవారు కలిసి బ్రతకటం మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. సంఘాల్లో పనిచేసే మీకు ఇందులోని సత్యాన్ని మేము వివరించనక్కరలేదు.

తల్లిదండ్రులారా, కథలోని తండ్రులు దుర్మార్గులు కారు. తమకు జరిగినదే తమ బిడ్డలకు జరగాలని కోరారు, అంతే. మన ఇళ్ళలో అటువంటి స్థితి రాకూడదనుకుంటే చేయవలసిన పని చిన్నదే. బిడ్డ "ఎందుకు?" అని అడిగినప్పుడు కసరకండి. జవాబు తెలిస్తే చెప్పండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి. ఆ ప్రశ్న మన అలవాట్లను గురించి అయినా, మన పెద్దరికాన్ని గురించి అయినా, మన సంఘాలను గురించి అయినా సరే. ఇంట్లో ప్రశ్నించటం నేర్వని బిడ్డ రేపు కార్యాలయపు మెట్లెక్కి తన హక్కును అడుగుతాడని, అడుగుతుందని ఆశించలేము.

జాక్ చివరిసారిగా ప్రశ్నించినది పద్నాలుగేళ్ళ లోపే. మన పిల్లల వయస్సును ఒక్కసారి తలచుకోండి. సెలవు.