ఒళ్ళునొప్పులకు పేరు పెట్టే ముందు

మూడు నెలలకు పైగా ఒళ్ళంతా నొప్పులు, నిద్రపోయి లేచినా తీరని అలసట ఉంటే అది ఫైబ్రోమయాల్జియా కావచ్చు. రక్తపరీక్షలో, ఎక్స్‌రేలో ఇది కనిపించదు. అంతమాత్రాన నొప్పి అబద్ధం కాదు. 1990 నాటి అమెరికా వైద్యుల నిబంధన ప్రకారం ఒంటిమీద 18 చోట్ల నొక్కితే 11 చోట్ల నొప్పి ఉండాలి. 2010 నుంచి నొప్పి ఎక్కడెక్కడుందో, నిద్ర, అలసట, జ్ఞాపకశక్తి ఎలా ఉన్నాయో అడిగి తేలుస్తున్నారు.

అయితే మన మంగళవాడ ఉన్న పావగడ తాలూకాలో చాలాచోట్ల బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగా మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు, నడుము పట్టేస్తాయి. తొలిదశలో ఈ నొప్పులూ అలాగే ఉంటాయి, ఎక్స్‌రేలో తేలకపోవచ్చు. కనుక ఏ నీళ్ళు ఎన్నేళ్ళుగా తాగుతున్నారో డాక్టరుగారికి చెప్పండి, ఆ నీళ్ళు పరీక్ష చేయించండి. నీళ్ళు మార్చవలసిన జబ్బుకు మాత్రలు మింగుతూ కూర్చుంటే లాభం లేదు.