విశ్రాంతికి జీతమిచ్చింది ఎవరు?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల శ్రమ అనగానే మనకు పొలం, బీడీల చాట, ఇంటిచాకిరీ గుర్తొస్తాయి. ఆటస్థలం గుర్తు రాదు. ఆటను శ్రమగా చూడడం మనకింకా అలవాటు కాలేదు. అందుకే ఈరోజు అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి డయానా టరాసీ గురించి మాట్లాడతాను. ఆమె గార్డ్. అంటే ఎత్తు మీద కాక, బంతిని నడిపే నేర్పు మీద, దూరం నుంచి బుట్టలో వేసే గురి మీద బతికే స్థానం. 2004 నుంచి 2024 దాకా వరసగా ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన జట్లలో ఉంది. స్వదేశంలో 2004 నుంచి చివరిదాకా ఒకే జట్టు, ఫీనిక్స్ మెర్క్యురీ.

మరి ఇంతటి మనిషి చలికాలమంతా మాస్కోలో, ఇస్తాంబుల్‌లో, యెకాతెరిన్‌బర్గ్‌లో ఎందుకు ఆడింది? సరదాకి కాదు, జీతం కోసం. అమెరికా మహిళల లీగ్ వేసవి నెలలకే పరిమితం. 2015 నాటికి అందులో అత్యధిక జీతం ఏడాదికి 1 లక్షా 10 వేల డాలర్లకు లోపే. అదే కాలంలో పురుషుల లీగ్‌లో కొత్తగా చేరిన కుర్రాడి కనీస జీతం 5 లక్షల పైన. యెకాతెరిన్‌బర్గ్ క్లబ్బు ఆమెకు దాదాపు 15 లక్షలు ఇస్తోందని పత్రికలు రాశాయి. 2015లో ఆ క్లబ్బే, మా కోసం ఒళ్లు దాచుకో, వేసవిలో అమెరికాలో ఆడకు, ఆ డబ్బూ మేమే ఇస్తామంది. ఆమె ఒప్పుకుంది. స్వదేశంలో ఆ ఏడాది ఆడలేదు. ఏళ్లతరబడి విరామం లేకుండా అరిగిన ఒంటికి విశ్రాంతి కావాలని రష్యా యజమానికి తోచింది గానీ, సొంత లీగ్‌కు తోచలేదు!

అలాగని పరాయి దేశపు డబ్బు హక్కుగా వచ్చింది కాదు, దాతల దయ మీద వచ్చింది. 2006 నుంచి ఆమె ఆడిన స్పార్టక్ క్లబ్బును పోషించింది షబ్తాయ్ కల్మనోవిచ్ అనే ధనికుడు. 2009 నవంబరులో ఆయన్ని మాస్కో నడివీధిలో కాల్చి చంపారు. 2010 డిసెంబరులో టర్కీలో నిషిద్ధ మందు వాడిందని ఆమె మీద నింద పడింది. క్లబ్బు ఒప్పందం రద్దు చేసింది. 2011 ఫిబ్రవరిలో పరీక్ష చేసిన ప్రయోగశాలే తన నివేదికను వెనక్కు తీసుకుంది. ఈలోగా పోయిన పని, పోయిన పరువు ఎవరి లెక్కలో రాయాలి? వలస కార్మికురాలి స్థితి ఎంత పేరున్నా ఇంతే. ఆ తర్వాత యెకాతెరిన్‌బర్గ్‌కే ఆడిన బ్రిట్నీ గ్రైనర్ 2022లో రష్యా జైల్లో గడపవలసి వచ్చింది.

క్రీడాకారిణుల సంఘం ఊరుకోలేదు. 2020 ఒప్పందంలో గరిష్ఠ జీతం 2 లక్షలా 15 వేలైంది. అంతకుముందు సగమే దక్కే ప్రసూతి సెలవు జీతం పూర్తిగా వచ్చింది. ప్రయాణాల్లో ఒక్కొక్కరికి విడి గది వచ్చింది (అదీ అడిగి సాధించుకోవలసిందే). అయితే అదే ఒప్పందంలో ఒక మెలిక ఉంది: విదేశాల నుంచి ఆలస్యంగా వచ్చేవారికి 2023 నుంచి జరిమానా, 2024 నుంచి ఆ ఏడాదంతా ఆటకు దూరం. జీతం పెంచారు సరే, బయట సంపాదించుకునే దారినీ ఇరుకు చేశారు. ఈ రెండూ ఒకే కాగితంలో ఎలా వచ్చాయో, ఒప్పందాలు కుదుర్చుకునే మన సంఘాలు ఒకసారి చూడాలి.

టరాసీ 2025 ఫిబ్రవరిలో, 42వ ఏట, ఆట విరమించింది. ఆ జులైలో ఇండియానపొలిస్‌లో ఆల్‌స్టార్ పోటీకి ముందు, మాకు బాకీ ఉన్నది చెల్లించండి అని రాసిన చొక్కాలతో క్రీడాకారిణులు బరిలోకి వచ్చారు. ఈసారి వాళ్లడిగింది జీతం పెంపు ఒక్కటే కాదు, లీగ్ ఆదాయంలో వాటా.